ప్రమాదం అనే మాట చాటున

ఆనకట్ట కుంగినా, వంతెన తెగినా, సొరంగం కూలినా మన పత్రికలు వాడే మాట ఒకటే: ప్రమాదం. మంత్రులు ఆ మాటే అంటారు. కాంట్రాక్టర్లు ఆ మాటే అంటారు. సంతాప తీర్మానాలు చేసే మనమూ ఆ మాటే అంటాం. ఈ మాట మీద అందరికీ ఇంత ఏకాభిప్రాయం ఎలా కుదిరిందో విచారించటం అవసరం. పాలించేవాళ్ళకూ పాలితులకూ ఒకే మాట ఒకే విధంగా నచ్చిందంటే అందులో ఎవరికో ఒకరికి మోసం జరుగుతున్నదన్న మాట.

సంస్కృతంలో ప్రమాదమంటే మొదటి అర్థం ఆపద కాదు, అజాగ్రత్త, ఏమరుపాటు. ప్రమత్తుడు ఏమరినవాడు. అప్రమత్తుడు ఏమరనివాడు. ధమ్మపదంలో రెండవ అధ్యాయానికి అప్పమాద వగ్గమని పేరు. ఏమరకుండా ఉండటమే అక్కడి బోధ. తెలుగులో అప్రమత్తత అనే మాట ఈనాటికీ పాత అర్థాన్ని నిలుపుకుంది. ప్రమాదం మాత్రం తన కర్తను పోగొట్టుకుంది. ఏమరినవాడు వాక్యంలోంచి మెల్లగా జారుకున్నాడు. అతని ఏమరుపాటుకు ఫలితం మాత్రం మిగిలింది. "ప్రమాదం జరిగింది" అంటాం. ఎవరు చేశారు? ఎవరూ చెయ్యలేదు, జరిగింది! ఇంత సుఖమైన క్రియాపదం కాంట్రాక్టరుకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈ వ్యాసంలో నేను వాదించదలచింది ఇది. మన కాలంలో పెద్ద నిర్మాణాలు విఫలం కావటానికి ముఖ్య కారణం విజ్ఞానం చాలకపోవటం కాదు. ఆపద పొంచి ఉన్న సంగతి చాలా సందర్భాల్లో ఎవరో ఒకరికి ముందే తెలుసు. తెలిసినవాడికి పని ఆపే హక్కు లేదు. ఆపే హక్కు ఉన్నవాడికి ఆపితే నష్టం. విషయం ఇంతవరకూ సామాజికం, ఆ తరువాతే సాంకేతికం. దీన్ని కప్పిపెట్టటానికి రకరకాల వాదాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నిటికన్నా పాతది దైవం మీదా ప్రకృతి మీదా నెట్టే వాదం. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. అరెస్టయిన నిర్వాహకుల్లో ఒకరు ఇది దైవేచ్ఛ అని కోర్టులో అన్నట్టు పత్రికలు రాశాయి. ప్రత్యేక దర్యాప్తు బృందం ఆ వంతెన ప్రధాన కేబులులో 49 తీగలుంటే 22 తీగలు అంతకు ముందే తుప్పు పట్టి ఉన్నాయని తేల్చింది. తుప్పు దైవేచ్ఛతో పట్టిందనుకుందాం. తుప్పు పట్టిన కేబులు మార్చకుండా టిక్కెట్లు అమ్మటం ఎవరి ఇచ్ఛ?

మన దగ్గర దేవుడి పేరు కాస్త తక్కువగానూ వాన పేరు ఎక్కువగానూ వినిపిస్తుంది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాల మీద నీళ్ళు పడ్డాయి. వాన అసాధారణంగా కురిసిన మాట నిజం. పైనున్న పింఛ ప్రాజెక్టు కట్ట ముందే తెగిన మాటా నిజం. కాని ఆనకట్టకున్న 5 గేట్లలో ఒకటి పనిచెయ్యటం లేదని కేంద్ర జలశక్తి మంత్రే పార్లమెంటులో చెప్పారు. వాన ఎంత కురిసేదీ మన చేతిలో లేదు. గేటు మన చేతిలో ఉంది. అసలు గేటు పెట్టేదే వాన మన చేతిలో లేదు కాబట్టి. వరద వచ్చిననాడు లేవని గేటును ప్రకృతి వైపరీత్యం ఖాతాలో రాయటం, వాకిలికి గడియ పెట్టనివాడు దొంగతనాన్ని గ్రహచారం అనటం వంటిది.

రెండవ వాదం కుట్ర వాదం. ఇది దైవవాదానికి ఆధునిక రూపం. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మేడిగడ్డ బరాజు 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకు దగ్గర కుంగింది. మొదట పోలీసులకు అందిన ఫిర్యాదులో విద్రోహచర్య అనే అనుమానం ఉంది. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పంపిన కమిటీ వచ్చి చూస్తే కనిపించింది విద్రోహి కాదు, ఇసుక. పునాది కింద ఇసుక కొట్టుకుపోయింది. ప్రణాళిక, డిజైను, నాణ్యత తనిఖీ, నిర్వహణ — అన్నిటిలోనూ లోపాలున్నాయని కమిటీ రాసింది.

ఇందులో సామాన్యుడికి అర్థం కానిదేమీ లేదు. ఇసుక మీద కట్టిన గోడకు ఇటువైపు నీళ్ళు నిలబెడితే, ఆ నీళ్ళు గోడ కిందుగా అటువైపుకు దారి వెతుక్కుంటాయి. దారిలో ఇసుక రేణువులను వెంట తీసుకుపోతాయి. అందుకే ఇసుకలోకి లోతుగా కాంక్రీటు అడ్డుగోడలు దింపుతారు. దిగువన నీళ్ళు దూకే చోట నేల కోసుకుపోకుండా కాంక్రీటు దిమ్మెలు పరుస్తారు. ఈ దిమ్మెలు కొట్టుకుపోవటం మొదలైతే అది నది ముందుగా పంపిన నోటీసు. మేడిగడ్డలో అటువంటి నష్టం ప్రారంభమైన తొలి ఏళ్ళలోనే, 2019 వరదల తరువాత నుంచే కనిపించింది. సరైన మరమ్మతు జరగలేదు. గోదావరి ఇసుక మీద ఆనకట్ట కట్టటం కొత్త విద్య కూడా కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది. 170 ఏళ్ళకు పైగా మనకు తెలిసిన విద్యను మనం మరచిపోయామనటం ఇంజనీర్లను అవమానించటమే. వాళ్ళు మరచిపోలేదు. వాళ్ళ జ్ఞాపకం ఫైలులో ఉంది. ఫైలు కదలవలసిన చోట కదలలేదు.

ఫైలులో ఉన్న జ్ఞానం మనిషిని కాపాడలేదనటానికి ఇంతకన్నా ఘోరమైన నిదర్శనం శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. పైన పులుల అభయారణ్యం ఉంది కనుక మధ్యలో ఎక్కడా బయటికి దారులు లేవు. రెండు చివరల నుంచే తవ్వుకుంటూ పోవాలి. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్లు లోపలికి పోయాక, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలింది. 8 మంది లోపల చిక్కుకున్నారు. చాలాకాలం ఆగిన పని మళ్ళీ మొదలైన కొద్ది రోజులకే ఇది జరిగింది. ఆ ప్రాంతంలో రాయి బలహీనంగా ఉందనీ, నీటి ఊటలున్నాయనీ 2020 నాటి భూగర్భ పరీక్ష నివేదిక సూచించినట్టు తరువాత పత్రికలు బయటపెట్టాయి. ఏప్రిల్‌లో గాలింపు నిలిపివేసేనాటికి బయటికి తీయగలిగింది రెండు మృతదేహాలను మాత్రమే.

ఆ 8 మందిలో నలుగురు జార్ఖండ్ వాళ్ళు. మిగిలినవాళ్ళు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ వాళ్ళు. ఈ సొరంగం ఉన్నది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో. పాలమూరు లేబరని పేరుపడి, గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన కూలీల జిల్లా అది. పాలమూరు కూలీ పరాయి రాష్ట్రానికి పోయి అక్కడి మట్టి ఎత్తుతాడు. పాలమూరు గడ్డ కింద మట్టి ఎత్తటానికి జార్ఖండ్ కూలీ వస్తాడు. ఇదేదో దేశ సమైక్యత అని మురిసిపోనక్కరలేదు. ఊరివాడు పనిలో చస్తే ఊరు కదిలి వస్తుంది. పరాయివాడు చస్తే పెట్టె మీద చిరునామా రాసి పంపితే సరిపోతుంది. భయం వేసినప్పుడు ఊరివాడు పార వదిలి ఇంటికి పోగలడు. అడ్వాన్సు తీసుకుని వెయ్యి మైళ్ళు వచ్చినవాడు ఎక్కడికి పోగలడు?

ఇక్కడ మూడవ వాదం ఎదురవుతుంది. "ఇవన్నీ పాత సంగతులు. ఇప్పుడు రిస్కు మేనేజిమెంటు అనే శాస్త్రం ఉంది. ప్రతి పెద్ద ప్రాజెక్టుకూ రిస్కు రిజిస్టరు పెడతారు. నిపుణులు చూసుకుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇందులో పనేమిటి?" అని అడిగేవాళ్ళున్నారు. శాస్త్రమన్న పేరు వింటే నాకూ గౌరవమే. అందుకే ఆ శాస్త్రం ఏం చెబుతుందో చూశాను. ఆపదను నాలుగు విధాలుగా ఎదుర్కోవచ్చునట: తప్పించటం, తగ్గించటం, బదలాయించటం, భరించటం. చాలా సమంజసంగా ఉంది. కాని ఆచరణలో ఈ నాలుగూ నాలుగు వర్గాలకు పంచిపెట్టబడ్డాయి. పెట్టుబడి పెట్టేవాడు తప్పించుకుంటాడు. పెద్ద కాంట్రాక్టరు భీమాతో తగ్గించుకుంటాడు. సబ్ కాంట్రాక్టరు మేస్త్రీకి బదలాయిస్తాడు. భరించటమనేది చివరివాడి వంతు. అతని కింద బదలాయించటానికి మనిషి లేడు, మట్టి ఉంది.

రిజిస్టరులో ప్రతి ఆపదకూ అది జరిగే అవకాశం ఎంతో, జరిగితే నష్టమెంతో అంకెలు వేసి హెచ్చిస్తారు. లెక్క తప్పని నేననను. నష్టమెవరిదన్నదే ప్రశ్న. పని ఆరు నెలలు ఆలస్యమైతే వచ్చే నష్టం కంపెనీ పద్దుల్లోకి నేరుగా వస్తుంది. మనిషి పోతే వచ్చే నష్టం పరిహారం రూపంలోనే వస్తుంది. ఈ రెండు అంకెలనూ తక్కెడలో వేసినప్పుడు ఆలస్యమే పెద్ద ఆపదగా తేలటంలో ఆశ్చర్యం లేదు. పైగా ఆ రిజిస్టరు తెరిచి చూసే అధికారం దానిలో పేర్కొన్న ఆపద ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళకు లేదు. సొరంగంలో దిగే కూలీకి 2020 నివేదికను అతని భాషలో ఎవరైనా చదివి వినిపించారా? మట్టికట్ట కింద ఉన్న ఊళ్ళకు గేటు సంగతి ఎవరైనా దండోరా వేసి చెప్పారా? భాషకు ఇందులో పనేమిటని అడిగినవాళ్ళకు ఇదే నా జవాబు.

నాలుగవ వాదం మరింత గడుసుది: "ప్రగతి కావాలంటే కొంత మూల్యం చెల్లించాలి. ఇట్లా ప్రతిదానికీ భయపడితే ఆనకట్టలు ఎవరు కడతారు?" తుంగభద్ర నీళ్ళ మీద బతికే సీమవాణ్ణి నేను. ఆనకట్టలు వద్దనే మాట నా నోట రాదు. నీళ్ళు లేని ప్రగతి ఎట్లా ఉంటుందో మా వాళ్ళకు చెప్పనక్కరలేదు. నా అభ్యంతరమల్లా మూల్యం చెల్లించేవాడూ ప్రగతి అనుభవించేవాడూ వేరు కావటం గురించే. ఈ మూల్యమెంతో నిర్ణయించే సభలో చెల్లించేవాడికి కుర్చీ లేకపోవటం గురించే.

ప్రగతి పేరు చెప్పి హెచ్చరికను ఎట్లా నేరంగా మార్చవచ్చో ఇటలీలోని వాయోంట్ ఆనకట్ట చరిత్ర చెబుతుంది. కొండ జారుతున్నదని అక్కడి పల్లెవాసులు మొత్తుకున్నారు. వాళ్ళ మాటను కమ్యూనిస్టు పత్రిక లూనితాలో టీనా మెర్లిన్ అనే విలేఖరి 1959లో రాసింది. అబద్ధపు వార్తలతో ప్రజలను కలవరపెడుతున్నదని ఆమె మీద కేసు పెట్టారు. 1960లో కోర్టు ఆమెను నిర్దోషి అన్నది. అదే ఏడాది నవంబరులో కొండ కొంత విరిగి జలాశయంలో పడింది. అయినా నింపటం మానలేదు. 1963 అక్టోబరు 9 రాత్రి కొండ భాగం మొత్తంగా జారి నీళ్ళలో పడింది. లేచిన అల ఆనకట్టను దాటి లోంగరోనే పట్టణాన్ని తుడిచిపెట్టింది. సుమారు 2000 మంది చనిపోయారు. విచిత్రమేమంటే, 260 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్ట దాదాపు చెక్కుచెదరలేదు. ఈనాటికీ నిలబడి ఉంది. గోడ నిలిచిందా లేదా అన్నదే కొలబద్ద అయితే అది విజయవంతమైన నిర్మాణం! కాంక్రీటును గురించి మాత్రమే ఆలోచించే నిపుణత ఎంత దూరం పోగలదో అంత దూరం పోయింది.

ఇంతవరకూ మన పాఠకుల్లో చాలామంది నాతో ఏకీభవిస్తారు. ఇకమీద చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. "ఇదంతా లాభాపేక్ష వల్ల వచ్చింది. పెట్టుబడిదారీ విధానం పోతే ఇవన్నీ పోతాయి" అని మనలో ఒక తేలిక సమాధానం ఉంది. లాభాపేక్ష ప్రధాన కారణమన్నది నిజమే. కాని అదొక్కటే అయితే 1975 ఆగస్టులో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో బాన్‌చియావ్ ఆనకట్ట ఎందుకు తెగింది? అక్కడ కాంట్రాక్టరు లేడు, టెండరు లేదు. చెన్ షింగ్ అనే జలశాస్త్రవేత్త ఉన్నాడు. ఆ పథకాల్లో ఒక ఆనకట్టకు 12 తూములు కావాలని అతనన్నాడు. ఇది మరీ అతిజాగ్రత్త అని 5 పెట్టారు. అతన్ని మితవాద అవకాశవాది అని పక్కకు నెట్టారు. తుఫాను వచ్చిన ఆ ఆగస్టులో ఒకటి కాదు, 62 ఆనకట్టలు పోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే వరదలో 26 వేల మంది చనిపోయారు. ఇతర అంచనాలు ఇంతకు ఎన్నో రెట్లు. ఆ వివరాలు 2005 దాకా రాజ్య రహస్యంగా ఉండిపోయాయి.

దీన్ని శత్రువులు వాడుకుంటారని మనం దాచవలసిన పని లేదు. దాచటమే అసలు జబ్బు. వాయోంట్‌లో హెచ్చరించినవాళ్ళను కమ్యూనిస్టులన్నారు. బాన్‌చియావ్‌లో హెచ్చరించినవాణ్ణి కమ్యూనిస్టు వ్యతిరేకి అన్నారు. కూలిన విధం ఒకటే. ఒకచోట లాభం, ఇంకొకచోట లక్ష్యాంకం. రెండు చోట్లా ఆపమన్న గొంతుకు అధికారం లేదు. ఆస్తి ఎవరిదన్న ప్రశ్న పక్కనే, పని ఆపే అధికారం ఎవరిదన్న ప్రశ్నను కూడా పెట్టకపోతే మన సోషలిజం సగం సోషలిజమే.

ఇక సాహిత్యకారులుగా మన బాధ్యత సంగతి. మనకు వీరగాథలంటే ప్రీతి. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకుంటే, యంత్రం విరిగిపోయిన చోట చేతులతో మట్టి తవ్వి 17వ రోజున వాళ్ళను బయటికి తెచ్చిన కూలీలను దేశమంతా కీర్తించింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, వయసు మళ్ళిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో పారే నీటిలోనే వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించారు. ఈ మనుషులకు ఎన్ని దండలు వేసినా తక్కువే. కాని దండలు వేసిన చేతులతోనే ఇంకొక పద్దు తిరగెయ్యాలి. సిల్‌క్యారాలో అత్యవసర దారి ఎందుకు లేదు? దాదాపు 70 ఏళ్ళ ఆనకట్టకు, గేటు పోతే అడ్డంగా దించే పలకల ఏర్పాటు అంతవరకూ ఎందుకు లేదు? ఏటేటా గొలుసు చూసి గ్రీజు పెట్టే మనిషి మీద మనమెవరమూ కథ రాయలేదు. అతని పని బాగా జరిగినన్నాళ్ళూ ఏమీ జరగదు కాబట్టి! ఏమీ జరగకపోవటమే అతని ఘనకార్యమని గుర్తించలేని సాహిత్యం, ప్రారంభోత్సవాలకే నిధులిచ్చి మరమ్మతులకు ఇవ్వని ప్రభుత్వానికి తోబుట్టువే.

చట్టాలు లేకపోలేదు. 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అయితే రాష్ట్రస్థాయి భద్రతా సంస్థ ఆనకట్టలు చూసే శాఖ గొడుగు కిందే ఉంటుంది. కట్టినవాడూ తప్పు పట్టవలసినవాడూ ఒకే ఇంటివాళ్ళు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడులో తనిఖీ అధికారి పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. ఫెసిలిటేటరంటే పని సులభం చేసిపెట్టేవాడు. ఎవరి పని? ప్రమాదమనే మాటలో ఏమరినవాడు మాయమైనట్టే, ఈ కొత్త పేరులో పట్టుకునేవాడు సగం మాయమయ్యాడు.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. పరీక్ష నివేదికలూ తనిఖీ నివేదికలూ కూలిన తరువాత కాక ముందే, ఆ పనివాళ్ళ భాషలోనూ దిగువ ఊళ్ళ భాషలోనూ బహిరంగం కావాలి. తనిఖీ చేసేవాడి జీతం, బదిలీ, ప్రమోషను కట్టేవాడి చేతిలో ఉండగూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆపద కనిపించినప్పుడు కూలికీ చిన్న ఇంజనీరుకూ కూలి పోకుండా, ఉద్యోగం పోకుండా పని నిలిపే హక్కు ఉండాలి. ప్రాణాపాయం కనిపించి పక్కకు తప్పుకున్న కార్మికుడికి రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం 1981లోనే చెప్పింది.

"అట్లా అయితే ప్రతివాడూ పని ఆపేస్తాడు, ప్రాజెక్టు ముగిసినట్టే" అంటారు. మేడిగడ్డ ఎవరు ఆపితే కుంగింది? ఎడమగట్టు సొరంగం ఏ కూలీ ఆపితే కూలింది? ఆపకపోవటం వల్ల ఆగిన పనుల లెక్క ఎవరైనా తీశారా? పైగా ఈ హక్కు మనకు కొత్తది కాదు. రైలు పట్టాల వెంట నడిచే గ్యాంగుమన్ జీతం ఎంతో మనకు తెలుసు. పట్టా విరిగి ఉండటం కంటబడితే అతను ఎర్రజెండా చూపి ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్సునైనా నిలబెడతాడు. మంత్రి ప్రయాణం చేస్తున్నా సరే, డ్రైవరు జెండా చూసి ఆపవలసిందే. గ్యాంగుమన్‌ను ఏ కాగితమూ అడగడు. దీనివల్ల రైల్వేలు మూతపడలేదు. ఆ జెండా పట్టాల మీద ఉండగలిగినప్పుడు సొరంగంలో ఎందుకు ఉండగూడదు, ఆనకట్ట మీద ఎందుకు ఉండగూడదు?

ఆ జెండా కూలి చేతికి వచ్చేదాకా, కనీసం కలం పట్టినవాళ్ళం ఒక పని చెయ్యగలం. ఈసారి ఏ కట్ట తెగినా "ప్రమాదం జరిగింది" అని రాయకుండా ఉందాం. ఏమరినవాడెవరో, ముందే తెలిసినవాడెవరో, అతని నోరు నొక్కినవాడెవరో తెలుసుకుని, ఆ వాక్యానికి కర్తను చేర్చి రాద్దాం.